పాత అపార్ట్‌మెంట్ కూల్చి గ్రీన్ బిల్డింగ్ కడితే పర్యావరణానికి మేలేనా?

అమీర్‌పేట వాసి:
మా అపార్ట్‌మెంట్‌కి 40 ఏళ్లు. కూల్చి కొత్తది కడతానంటున్న బిల్డర్, గ్రీన్ రేటింగ్ వస్తుంది, కరెంటు ఐదో వంతు ఆదా, పర్యావరణానికీ మంచిది అంటున్నాడు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ చివరి మాట నిజమేనా?

సైట్ ఇంజనీర్:
ఆయన లెక్క గృహప్రవేశం నాడు మొదలవుతుందండీ. అంతకుముందు జరిగిందో? వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకి సుమారు 400 బస్తాల సిమెంటు, అంటే 20 టన్నులు. స్టీలు 4 టన్నులు. బూడిద కలిపిన పీపీసీ రకం సిమెంటు వాడినా టన్నుకి దాదాపు 0.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన స్టీలుకి టన్నుకి 2.5. మొత్తం 22 టన్నులు. ఇటుకలు, టైల్స్, సెల్లార్ తవ్వకం ఇంకా కలపలేదు.

ఇక కరెంటు. నెలకి 300 యూనిట్లు, యూనిట్‌కి 0.7 కిలోల చొప్పున ఏడాదికి 2.5 టన్నులు. ఐదో వంతు ఆదా అంటే అర టన్ను. అంటే 22 టన్నులు తీరడానికి 44 ఏళ్లు! మీ బిల్డింగ్ 40కే పాతబడిపోయిందంటున్నారు కదా. గ్రిడ్‌లోకి సోలార్ పెరిగేకొద్దీ ఆ ఆదా విలువ ఇంకా తగ్గుతుంది.

మెట్రో ప్రయాణికుడు:
ఒక్క ఫ్లాటే చూస్తే ఎలా? ఉన్న 12 ఫ్లాట్ల చోట 30 వస్తాయనుకోండి. మిగతా 18 కుటుంబాలు ఎలాగూ శివార్లలో ఎక్కడో కొనుక్కుంటాయి, రోజూ కార్లో తిరుగుతాయి. పైగా పాత స్టీలు స్క్రాప్‌కి, శిథిలాలు జీడిమెట్ల రీసైక్లింగ్ ప్లాంటుకి పోతాయి. అదీ తీసేయాలిగా.

సైట్ ఇంజనీర్:
స్క్రాప్ లాభాన్ని కలిపేయకూడదు. భవనాల పర్యావరణ లెక్కకి యూరప్ ప్రమాణమైన ఈఎన్ 15978 దాన్ని 'డి' మాడ్యూల్ అనే వేరే పద్దు కింద విడిగా చూపమంటుంది. సిమెంటు కోసం సున్నపురాయి కాల్చినప్పుడు గాల్లో కలిసిన కార్బన్ డయాక్సైడ్, శిథిలాల్ని కంకర చేస్తే తిరిగి రాదు.

మీ మొదటి మాటలో మాత్రం బలముంది. ఆ 18 ఫ్లాట్లు ఎక్కడైనా కట్టేవే. అదనంగా మీద పడేది కూల్చిన 12కి బదులు కట్టేవి: 264 టన్నులు. ఆ 18 కుటుంబాలకి పంచితే ఒక్కోదానికి 15 టన్నుల లోపు. పెట్రోల్ లీటరుకి 2.3 కిలోలు, కారు మైలేజీ 15. రోజుకి 20 కిలోమీటర్లు తగ్గితే సుమారు పదమూడేళ్లలో తీరుతుంది. కానీ కొత్త బిల్డింగ్‌లోనూ ఫ్లాటుకి రెండేసి కార్లకని రెండు సెల్లార్లు కడితే ఈ వాదన నిలవదు.

మెట్రో ప్రయాణికుడు:
ఒప్పుకుంటా. పార్కింగ్ తగ్గించమంటే ఏ అసోసియేషన్ వింటుందో చూడాలి!

సైట్ ఇంజనీర్:
అసలు స్లాబు పెచ్చులూడి, కాలమ్స్‌లో స్టీలు తుప్పు పట్టిందా? పట్టకపోతే జాకెటింగ్ (కాలమ్స్ చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) చేయించి, టెర్రస్ మీద ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పూత వేస్తే చాలు. కోర్ టెస్ట్ (కాంక్రీటు ముక్క తీసి బలం చూసే పరీక్ష) రిపోర్టు ఏమంటోంది?

అమీర్‌పేట వాసి:
టెస్ట్ చేయించలేదండీ. బిల్డర్ వచ్చి చూసి వెళ్లాడంతే. ఆదివారం మీటింగ్‌లో ముందు అదే అడుగుతాను.