మోదుగ చెట్టు కాడ కనపడినవి ఏంటియో చెప్పగలరా?

ప్రశ్న (జనగామ దగ్గర ఊరు)
మోదుగ పూసింది కదా, మొన్న ఆదివారం పొద్దుగాల మా చెలక గట్టు మీద చెట్టు కింద కూసున్న, పగటీలి దాకా లేవబుద్ధి కాలే. చెట్టుకు ఆకు లేదు, అంతా పువ్వే. గోరింకలు, చిలకలు నాకు తెలుసు గానీ మిగతావి తెలుస్తలేవు. ఒకటి పిచ్చుక కంటే చిన్నది, నీడల నల్లగ, ఎండ తగిలితే ఊదా రంగు మెరుస్తది, ముక్కు వంకర. ఇంకోటి పచ్చది, తోక నడుమ సన్నటి పొడుగు ఈకలు, కరెంటు తీగ మీదికెళ్లి ఎగిరి తేనెటీగను పట్టి మళ్ల తీగకే వచ్చి దాన్ని తీగకేసి కొడుతది, ఎందుకట్ల? గోధుమ రంగు మీద తెల్ల చుక్కల పిట్టనొకదాన్ని కాకులు తరిమినయ్, అదేంది? ఇంకా మా పందిరి బొంగుకు గుండ్రటి బొక్క పెట్టి పెద్ద నల్ల తుమ్మెద లోపలికి పోతుంది, కింద పొడి రాలుతుంది. అమ్మ కిరోసిన్ పొయ్యమంటుంది, పొయ్యాల్నా?

రిప్లై
అన్నా కిరోసిన్ మాత్రం వద్దు ప్లీజ్!! అది కార్పెంటర్ బీ. ఎండిన బొంగులో పుప్పొడి ముద్ద పెట్టి దాని మీద ఒక గుడ్డు, అడ్డంగా చెక్కపొడి గోడ, మళ్ళీ ముద్ద మళ్ళీ గుడ్డు, ఇలా గదులు కడుతుంది. మగవాటికి కొండే ఉండదు, ఆడది కూడా చేత్తో పట్టుకుంటే తప్ప దాదాపు కుట్టదు. కంది పూత మీద తిరిగేది కూడా ఇదే, చేనుకి మేలు. పందిరికి కొత్త బొంగు వేసుకొని పాతది పిల్లలు బయటికొచ్చేదాకా ఓ మూల ఉంచండి.

రిప్లై
వంకర ముక్కుది మగ తేనెపిట్ట, పర్పుల్ సన్‌బర్డ్. ఆ మెరుపు జతకట్టే కాలంలోనే, తర్వాత కడుపంతా పసుపు అయిపోయి గొంతు మీద నల్ల గీత ఒక్కటి మిగులుతుంది. చుక్కలది ఆడ కోయిల అండి! కూ అని పాడే నల్లది మగది. ఆడది కాకి గూట్లో గుడ్డు పెడుతుంది, కాకులకి అందుకే అంత కోపం. పచ్చది గ్రీన్ బీ ఈటర్, కొండి విషం పోవడానికే అలా కొట్టి మింగుతుంది. వాగు ఒడ్డున మట్టి గట్టుల్లో సొరంగం తవ్వి గుడ్లు పెట్టే సీజన్ ఇది, మీ దగ్గర ఎవరైనా జేసీబీతో గట్టు తవ్విస్తుంటే ముందు బొక్కలున్నాయేమో చూడమని చెప్పండి.

ప్రశ్న అడిగినాయన
థాంక్స్ అందరికి. మా వాగు గట్టుకు అసొంటి బొక్కలున్నయ్! ఎంత దూరంల నిలబడి చూడాలె?

రిప్లై
ఇంత దూరమని లెక్క పెట్టుకోకండి, పిట్టనే చూడండి. ముక్కున పురుగు పెట్టుకొని కూడా లోపలికి పోకుండా కొమ్మ మీదే కూర్చుంటే మీకే భయపడుతోందని. 2002లో మన దేశ పరిశోధకులే దీని మీద పేపర్ రాశారు, మనిషికి గూడు కనిపించే చోట ఉంటే అది లోపలికి పోవడానికి వెనకాడుతుందంట, అదే మనిషి గూడు కనిపించని చోట ఉంటే అంత జంకదంట. కాబట్టి చెట్టు చాటుకి వెళ్ళి, పిట్ట కూర్చునే కొమ్మ కనపడేలా, బొక్క కనపడకుండా నిలబడండి.