స్పేస్ క్వెస్ట్ 1 స్పీడ్‌రన్: టైప్ చేసి ఆడే 1986 వెర్షనా, మౌస్‌తో ఆడే 1991 వెర్షనా?

చీపురు86:

అందరికీ నమస్కారం. స్పేస్ క్వెస్ట్ మొదటి భాగం, అదే సారియన్ ఎన్‌కౌంటర్, స్పీడ్‌రన్ (అంటే ఆటని వీలైనంత తక్కువ టైంలో ముగించడం) చేద్దామనుకుంటున్నాను. 1986లో సియెర్రా వాళ్లు తెచ్చిన అసలు ఆటలో ప్రతి పనీ టైప్ చేసి చెప్పాలి. 1991లో అదే కథకి 256 రంగుల బొమ్మలు వేసి మౌస్‌కి మార్చారు. రన్ నేర్చుకోవాలంటే దేంతో మొదలుపెట్టాలి?

నా మనసు మాత్రం పాతదాని మీదే ఉంది. విశాఖలో మా బాబాయ్ ఆఫీసులో ఆదివారాలు ఒక పీసీ ఖాళీగా ఉండేది. రంగుల్లేని మానిటర్, అంతా ఆకుపచ్చే. నాది తెలుగు మీడియం, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆడేదాన్ని. ఆటలో హీరో రోజర్ విల్కో ఆర్కడా అనే అంతరిక్ష ఓడలో స్వీపర్. వాడు బయటికొచ్చేసరికి సారియన్లనే శత్రువులు ఓడెక్కి కనబడినవాళ్లని కనబడినట్టు చంపేస్తుంటారు, ఓడ పేలిపోవడానికి ఇంకో 15 నిమిషాలే ఉందని సైరన్ మోగుతుంటుంది. లైబ్రరీలోకి ఒక సైంటిస్టు తూలుతూ వచ్చి "ఆస్ట్రల్ బాడీ" అని చెప్పి ప్రాణం వదులుతాడు. కన్సోల్‌లో ఆ పేరు కొడితే రోబో వెళ్లి కార్ట్రిడ్జ్ తెచ్చిపెడుతుంది. కింద శవం జేబు వెతికితే కీకార్డ్. ఎస్కేప్ పాడ్‌లో తలుపు మూయాలి, సీటుబెల్టు పెట్టుకోవాలి, పవర్ నొక్కాలి, థ్రాటిల్ లాగాలి. బెల్టు మర్చిపోతే కెరోనా గ్రహం మీది ఎడారిలో పాడ్ కూలినప్పుడు రోజర్ పని అయిపోతుంది.

ఇవన్నీ ఇప్పటికీ నా వేళ్లకి గుర్తున్నాయి. కీబోర్డు ముందు కూర్చుంటే ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే వస్తాయి. మౌస్ వెర్షన్‌లో ఆ వాక్యాలే లేవు. అందుకే అది ఎంత అందంగా ఉన్నా నాకు వేరే ఆటలా అనిపిస్తుంది.

అసలు టెన్షన్ ఆ గ్రహం మీదే ఉన్న యూలెన్స్ ఫ్లాట్స్ అనే ఊరి బార్‌లో స్లాట్ మెషిన్ గురించి. ఓడ కొనాలన్నా, డ్రాయిడ్ (రోబో) కొనాలన్నా బకజాయిడ్లు, అంటే ఆ ఆటలోని డబ్బు, కావాలి, అవి అక్కడే గెలవాలి. మూడు పుర్రెలు వరసగా పడితే లేజర్‌తో బూడిదే. రన్‌లో దీన్ని ఎలా దాటుతున్నారు?

ఏజీఐ_అభిమాని:

చీపురు గారూ, ఇంకేం ఆలోచించకుండా 1986ది పట్టుకోండి. మీ వేళ్లకి గుర్తుంది అన్నారు చూడండి, ఆ ఆట రన్‌లో సగం బలం అదే.

1986 ఆట నడిచేది సియెర్రా వాళ్ల ఏజీఐ ఇంజిన్ మీద. అందులో మీరు టైప్ చేస్తున్నంతసేపూ ఆట ఆగదు. రోజర్ నడుస్తూనే ఉంటాడు, కింద లైన్‌లో మీరు తర్వాతి వాక్యం రెడీ చేసుకోవచ్చు. శవం పక్కకి చేరగానే ఎంటర్ కొట్టడమే. 1989లో వచ్చిన స్పేస్ క్వెస్ట్ 3లో ఇది కుదరదు. అందులో ఒక అక్షరం నొక్కగానే బాక్స్ తెరుచుకుని ఆట నిలిచిపోతుంది. కాబట్టి మొదటి భాగంలో ప్రాక్టీస్ చేయాల్సింది నడక దారి ఒక్కటే కాదు. ఏ గుమ్మం దాటేటప్పుడు ఏ వాక్యం మొదలుపెట్టాలి అన్నది కూడా. ఒక ఎడిటర్‌లో కమాండ్లన్నీ వరసగా రాసుకుని, ఆట తెరవకుండా వాటినే రోజూ కాసేపు కొట్టండి.

"ది", "ఎ" లాంటి చిన్న మాటలు పార్సర్ (మనం టైప్ చేసింది అర్థం చేసుకునే భాగం) లెక్కలోకి తీసుకోదు, అవి మానేయండి. కిందటి కమాండ్ మళ్లీ కావాలంటే ఎఫ్3. మెనూలో స్పీడ్ ఫాస్టెస్ట్‌లో పెట్టుకోండి, కానీ ఎడారి దాటించే స్కిమ్మర్ బండి ఎక్కేముందు తగ్గించండి. ఎడారిలో రాళ్లు ఎదురొచ్చే వేగం కూడా ఆ సెట్టింగ్ మీదే ఆధారపడుతుంది.

స్లాట్ మెషిన్ పూర్తిగా అదృష్టమే. ఎఫ్5తో సేవ్, ఓడితే ఎఫ్7తో రిస్టోర్. మీరు ఏ కేటగిరీలో పెడుతున్నారో దాని రూల్స్‌లో మధ్యలో రిస్టోర్ చేయనిస్తారా అన్నది ముందే చదువుకోండి.

ఆడటానికి స్కమ్‌వీఎం (పాత ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే ప్రోగ్రాం) చాలు. ఏజీఐ ఆటల కోసం మొదట వేరేగా ఒక ప్రాజెక్ట్ ఉండేది, తర్వాత దాన్ని స్కమ్‌వీఎంలో కలిపేశారు. దాని పేరు కూడా సారియనే.

కొండాపూర్ రన్నర్:

నాది వేరే మాట. కొత్తగా రన్ నేర్చుకునేవాళ్లకి 1991ది తేలిక. స్లాట్ మెషిన్ బాధ కూడా సగానికి సగం తగ్గుతుంది. అందులో విడ్జెట్ అనే అయస్కాంతం ముక్క ఉంటుంది, అది మెషిన్‌కి పెడితే గెలుపు మీ చేతిలోనే. అదృష్టం బాలేక మంచి రన్ మొత్తం పాడైతే మళ్లీ మొదటినుంచి ఆడే ఓపిక అందరికీ ఉండదు. కానీ అక్కా, మీరు చెప్పింది చదివాక మీకు మాత్రం నేను పాతదే చెబుతాను.

ఒక జాగ్రత్త. బార్ బయట స్కిమ్మర్ దిగగానే తాళం తీసుకోండి, లేకపోతే ఎవడో ఎత్తుకుపోతాడు. దాన్ని కొంటానని వచ్చేవాడికి మొదటిసారి కాదనండి. వాడు మళ్లీ వచ్చి జెట్‌ప్యాక్ కూడా కలిపి ఇస్తాడు. తొందర మీద మొదటి బేరానికే ఒప్పుకుంటే చివర్లో సారియన్ల డెల్టార్ ఓడలోకి వెళ్లే దారే ఉండదు.

పాతఫ్లాపీ:

రన్ మొదలుపెట్టేముందు ఒక్కసారి మెల్లగా ఆడండమ్మా. దీన్ని తయారుచేసిన మార్క్ క్రో, స్కాట్ మర్ఫీ ఇద్దరూ ఈ ఆటలో చావులకి పెట్టినంత శ్రద్ధ చాలామంది గెలుపులకి కూడా పెట్టరు. ప్రతి చావుకీ ఒక సందేశం రాశారు. రన్‌లో అవన్నీ ఎంటర్ కింద నలిగిపోతాయి.

కెరోనాలో ఒరాట్ అనే రాక్షసుడి దగ్గరే చూడండి. గుహలో ఆ రాక్షసుడి మీదకి డీహైడ్రేటెడ్ వాటర్ డబ్బా విసిరితే మింగి, ఉబ్బి, పేలిపోతాడు. ఇంకో దారి కూడా ఉంది. మిమ్మల్ని వెంటాడే స్పైడర్ డ్రాయిడ్‌ని మీవెంట గుహ దాకా రప్పించుకుంటే ఒరాట్‌నీ దాన్నీ ఒకే దెబ్బకి వదిలించుకోవచ్చు. రన్‌లో డ్రాయిడ్ కోసం ఆగడం దండగ, డబ్బాయే మేలు. ఏ దారైనా ఒరాట్ ముక్క తీసుకోవడం మర్చిపోవద్దు, ఆ గ్రహంవాళ్లు కెరోనియన్లకి సాక్ష్యం చూపించాలి. కానీ ఎవరైనా డబ్బా సంగతే తట్టక ఇరుక్కుపోతారేమో అని ఆలోచించి, వాళ్లకోసం రెండో దారి వేసిపెట్టారు చూశారా, నాకు వాళ్లంటే గౌరవం అక్కడే పెరిగింది.

చీపురు86:

అందరికీ చాలా థాంక్స్. 1986దే ఖాయం చేశాను.

ఏజీఐ గారూ, నడుస్తూ టైప్ చేయడం నిన్న రాత్రే పట్టి చూశాను. ఆర్కడాలో లిఫ్ట్ దిగేలోపు వాక్యం రెడీగా ఉంటోంది! చిన్నప్పుడు రోజర్‌ని ఆపి, ఒక్కో అక్షరం వెతికి కొట్టేదాన్ని, ఇలా చేయొచ్చని ఎవరూ చెప్పలేదు. పాతఫ్లాపీ గారూ, స్పైడర్ దారి నాకు అస్సలు తెలియదు. ముందు అది ఒకసారి చూశాకే స్టాప్‌వాచ్ పెడతాను.

ఇంకొకటి. డెల్టార్‌లో రోజర్ వాషింగ్ మెషిన్‌లో దాక్కుని సారియన్ యూనిఫామ్‌తో బయటికొచ్చే సీన్, ఆ తర్వాత ఆయుధాల గదిలో రోబో అటు తిరగ్గానే గ్రెనేడ్ తీసుకోవడం, ఈ రెండు చోట్లా ఊరికే నిలబడి చూడాల్సి వస్తోంది. అక్కడ ఏ వాక్యం ముందుగా కొట్టి పెట్టుకుంటున్నారు? చివర్లో కొట్టే 6858 కోడ్ దాకా మీ కమాండ్ల లిస్ట్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, నాదానితో పోల్చి చూసుకుంటాను.