ఇండోనేషియా ఆన్‌లైన్ వినోదంలో జావా భాషకు అంత ఆదరణ ఎలా వచ్చింది?

ప్రశ్న (తార్నాక)
మిత్రులకు నమస్కారం. మేము కొందరం కలిసి తెలంగాణ యాసలో చిన్న హాస్య వీడియోలు తీస్తున్నాము. యాస తగ్గిస్తేనే అన్ని జిల్లాలవారూ చూస్తారని సలహా ఇచ్చేవారే ఎక్కువ. ఇండోనేషియాలో బడిలోనూ టీవీలోనూ జాతీయ భాషే నడుస్తున్నా, యూట్యూబ్‌లో జావా భాష పాటలను ఇతర ప్రాంతాలవారు కూడా వింటున్నారు. ఇది ఎలా సాధ్యమైందో వివరించగలరా?

జవాబు (నల్లకుంట)
అక్కడి జనాభాలో దాదాపు 40 శాతం జావా జాతివారు కావడం ఒక కారణమే గాని, అదొక్కటే చాలదు. దిది కెంపోట్ సంగతి చూడండి. జావా దీవిలోని సోలో నగరానికి చెందిన ఈ గాయకుడు వీధుల్లో పాడుకుంటూ ఎదిగి, దశాబ్దాల పాటు జావా భాషలో విరహగీతాలు పాడారు. 2019లో ఆయన కచేరీలో కుర్రాళ్లు గొంతు కలిపి పాడుతూ కన్నీళ్లు పెట్టుకున్న వీడియోలు ట్విట్టర్‌లో వ్యాపించడంతో, ఒక కొత్త తరమే ఆయన అభిమానులైంది. 2020 మే నెలలో 53 ఏళ్లకే మరణించిన ఆయన, ఆ తరం కోసం భాషనూ మార్చలేదు, బాణీనీ మార్చలేదు. అదే దీవిలోని మలాంగ్ నగరానికి చెందిన యూట్యూబర్ బయు స్కాక్ కూడా 2018లో ‘యోవిస్ బెన్’ సినిమాను చాలావరకు జావా సంభాషణలతోనే తీసి, జాతీయ భాషలో సబ్‌టైటిళ్లు వేయించారు.

జవాబు (టోలిచౌకి)
నల్లకుంట మిత్రుల మాటతో పూర్తిగా ఏకీభవించలేను. 2025లో ప్రపంచమంతా చూసిన ఇండోనేషియా వీడియోలో అసలు మాటలే లేవు. రియావు రాష్ట్రంలో క్వాంతాన్ నదిపై జరిగే పడవ పందెంలో, పొడవాటి పడవ కొసన నిలబడి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న 11 ఏళ్ల బాలుడు తొణక్కుండా చేతులు తిప్పుతూ ఆడిన ఆట అది. తెడ్లు వేసేవారిని పిల్లలు అలా ఉత్సాహపరచడం ఆ పందెంలో వీడియోల కన్నా ఎంతో ముందునుంచీ ఉన్న ఆనవాయితీ. కాబట్టి భాషకన్నా ఊరి జీవితమే ముఖ్యమని నా అభిప్రాయం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో తీసిన గంగవ్వ గారి వీడియోలను కోస్తావారు కూడా చూసింది అందుకే కదా!

జవాబు (వనస్థలిపురం)
రాబడి విషయం కూడా ఆలోచించండి. ఇండోనేషియాలో చాలామంది లైవ్‌లో సరుకులు అమ్మి సంపాదిస్తారు. సోషల్ మీడియాలో నేరుగా అమ్మకాలను ప్రభుత్వం నిషేధించడంతో 2023 అక్టోబరులో టిక్‌టాక్‌లోని అమ్మకాల విభాగమైన టిక్‌టాక్ షాప్ అక్కడ మూతపడి, ఆ దేశపు ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ టోకోపీడియాతో ఒప్పందం కుదిరాక డిసెంబరులోనే మళ్లీ తెరుచుకుంది. మన దేశంలోనైతే 2020 జూన్‌లో టిక్‌టాక్‌నే నిషేధించారు. అందుచేత ఒకే వేదికను నమ్ముకోకుండా, యాసను అలాగే ఉంచి, కింద వాడుక తెలుగులో సబ్‌టైటిళ్లు వేసి రెండు మూడు చోట్ల పెట్టండి.