గుర్రం కంటి ప్రెషర్ ఒకసారి 13, ఇంకోసారి 34. ఏది నమ్మాలి?

మల్లి వాళ్ల శాల:
నమస్కారం అందరికీ. మొయినాబాద్ దగ్గర పిల్లలకు స్వారీ నేర్పే చిన్న శాల మాది. మా మల్లి మార్వారీ ఆడగుర్రం, 11 ఏళ్లు. వారం నుంచి ఎడమ కన్ను కారుతోంది. ఎండలోకి తెస్తే సగం మూసేస్తుంది, నల్లగుడ్డు మీద నీలంగా పొర కమ్మినట్టుంది.

ఆదివారం డాక్టర్ గారు మత్తు సూది వేసి, ఎడమ కంటి ప్రెషర్ చూశారు. 13. తక్కువే కదా అని ఊపిరి పీల్చుకున్నాను. బుధవారం ఇంకో డాక్టర్ వచ్చారు, మత్తు వద్దన్నారు. మల్లి తల వంచి తొట్టిలో దాణా తింటుంటే గుర్రాల్ని చూసుకునే మా సైసు రెప్పలు గట్టిగా విడదీసి పట్టుకున్నాడు. 34 వచ్చింది! గ్లకోమా, అంటే కంటి ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు కావచ్చన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా అమ్మాయి స్వారీ నేర్చుకుంది దీని మీదే. కన్ను పోతుందా?

గుర్రాల డాక్టర్:
ఆ రెండు అంకెల్నీ పోల్చకండి, కొలిచిన తీరే వేరు. గుర్రానికి మామూలుగా 15 నుంచి 30 ఎంఎం (పాదరసం లెక్కలో) మధ్య ఉంటుంది. తల గుండె కంటే కిందికి దిగితే చాలు, ప్రెషర్ పెరుగుతుంది. మత్తిచ్చిన గుర్రాల్లో తల పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి కొలిస్తే సగటున 8 ఎంఎం దాకా తేడా వచ్చింది. పైగా రెప్పలు లాగేటప్పుడు వేళ్లు గుడ్డును నొక్కితే అంకె ఇంకా పైకి పోతుంది. జైలజిన్ లాంటి మత్తు మందేమో దాన్ని కిందికి దించుతుంది.

నిజం చెప్పాలంటే నాకు 34 కంటే ఆ 13 చూస్తేనే కంగారుగా ఉంది. కంటి లోపల వాపు, అంటే యువియైటిస్ వస్తే లోపల నీరు తక్కువ ఊరి ప్రెషర్ పడిపోతుంది. వెలుగు చూడలేకపోవడం కూడా దానికి సరిపోతుంది. కంటిపాప చిన్నదైందా? కుడి కన్ను ఎవరూ కొలవలేదా? పోల్చాల్సింది దానితోనే. రేపే చూపించండి, ఆలస్యం చేయొద్దు.

పాత రౌతు:
అన్నా, సైసుకి ఒక్క మాట చెప్పండి. వేళ్లు కంటి చుట్టూ ఉన్న ఎముక మీదే ఆనాలి. మా మగగుర్రం రెప్ప బిగించేస్తే, డాక్టర్ గారు రెప్పను మూసే నరానికి చిన్న సూది వేశారు. రెప్ప వదులై పని సులువైంది. ప్రెషర్ కొలిచేది సన్నని పుల్ల వచ్చి కంటిని తాకి వెళ్లే మిషనైతే కన్ను మొద్దుబార్చే చుక్కల మందు అక్కర్లేదు గానీ, దాన్ని నేలకు అడ్డంగా పట్టుకోవాలి, గుర్రం సెట్టింగులో పెట్టాలి. మెడ చుట్టూ తాడు బిగుతుగా ఉంటే వదులు చేయండి.

మల్లి వాళ్ల శాల:
ఇద్దరికీ దండాలు. నిన్న పొద్దున మొదటి డాక్టర్ గారే వచ్చారు. మత్తిచ్చి, గడ్డం కింద గడ్డి మోపు పెట్టి తల ఎత్తి ఉంచాం. ఎడమ 12, కుడి 21. కంటిపాప చిన్నగానే ఉంది, యువియైటిసే అన్నారు. పచ్చ రంగు చుక్క వేసి పుండు లేదని తేల్చుకున్నాకే స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెట్టారు. కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్ చుక్కలు, నొప్పికి ఫ్లునిక్సిన్ కూడా ఇస్తున్నాం. అట్రోపిన్‌తో పేగులు మందగించవచ్చట, అందుకని పేడ వేస్తోందో లేదో సైసు రాత్రి కూడా లేచి చూస్తున్నాడు. ఈ జబ్బు మళ్లీ మళ్లీ వస్తుందట, అప్పుడప్పుడూ రెండు కళ్లూ కొలుస్తుండాలన్నారు. ఎండ తగలకుండా ముఖానికి గుడ్డ కట్టాం. ఈ రోజు సాయంత్రం కన్ను ఇంకొంచెం తెరిచింది.