27 ఏళ్లకు పై దవడ వెడల్పు చేయించుకోవచ్చా?

మాది మిర్యాలగూడ. నా పై దవడ ఇరుకు, కుడివైపు పై పళ్లు కింది పళ్లకు లోపలగా పడతాయి, జొన్నరొట్టె తినాలంటే ఎడమవైపే నమలాలి. నల్గొండలో ఒక డాక్టర్ క్లిప్పులు చాలన్నారు, ఇంకొకరు అంగిట్లో స్క్రూలు వేసి దవడ వెడల్పు చేయాలన్నారు. ఈ వయసులో ఎముక కదులుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చేయించుకుంటే చెప్పండి.

మహబూబ్‌నగర్ నుంచి:
తమ్ముడూ, నేను 24 ఏళ్లప్పుడు చేయించుకున్నా. మత్తు సూది ఇచ్చి నాలుగు చిన్న స్క్రూలతో అంగిట్లో ఒక పరికరం బిగించారు, దీన్ని మార్పీ అంటారు. రోజూ ఒక సన్నటి కడ్డీతో ఆ పరికరం మధ్యలో ఉండే స్క్రూ తిప్పాలి, మా అమ్మ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని తిప్పేది, అప్పుడు ముక్కు మొదట్లో బిగుతుగా ఒత్తినట్టు ఉండేది. కొన్నాళ్లకు ముందు పళ్ల మధ్య సందు వచ్చింది. భయపడి పరిగెత్తితే, అంగిలి మధ్యలో రెండు ఎముకలు కలిసే అతుకు విడిందని డాక్టర్ సంతోషపడ్డారు! ఆ సందు తర్వాత క్లిప్పులతో మూసుకుంది.

దేవరకొండ నుంచి, డెంటిస్ట్‌ని:
ఆ అతుకు టీనేజీ దాటాక గట్టిపడుతూ వస్తుంది, కానీ అందరిలో ఒకేలా కాదు, అందుకే ముందు సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను 3డీలో చూపే ఎక్స్‌రే) తీయించండి. క్లిప్పులు పళ్లను బయటికి వంచుతాయే గానీ ఎముకను పెంచవు. ఇరుకు కొంచెమే అయితే అవి చాలు, ఎక్కువుంటే బలవంతంగా వంచితే చిగుళ్లు జారతాయి. స్క్రూలతోనూ విడకపోతే ఎముకకు కోత పెట్టే సర్జరీ ఉంది. తిప్పడం ఆపాక కూడా, కొత్త ఎముక పట్టేదాకా, పరికరం కొన్ని నెలలు ఉంచాల్సిందే, తొందరపడి తీయించుకోవద్దు.

మిర్యాలగూడ:
థాంక్స్ అన్నా, థాంక్స్ డాక్టర్ గారూ. సోమవారం స్కాన్‌కు వెళ్తున్నా.