గ్రంథాన్ని "అపవిత్రం" చేయడమా, గ్రంథం పట్ల "అపచారమా"?

సమూహ సభ్యులకు నమస్కారం. మత గ్రంథాలను చింపిన, తగలబెట్టిన వార్తలలో కనిపించే "పవిత్ర గ్రంథాన్ని అపవిత్రం చేశారు" అన్న ప్రయోగం సరైనదేనా అని మొన్న ఒక మిత్రులు ఇక్కడ అడిగారు. వ్యాకరణరీత్యా దానిలో దోషం లేదు. అయితే ఆ మాట మైలను, తప్పు చేసినవాడికి కాక, పుస్తకానికి అంటగడుతున్నదని, మన వాడుకలో అంతకంటె తగిన మాట "అపచారం" అని నా అభిప్రాయం. అపచారం అంటే తప్పిన నడవడి, అది చేసినవాడిదే. గుడిలో అపచారం జరిగితే సంప్రోక్షణ చేస్తారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ పుస్తకానికి సంప్రోక్షణ చేయడం మా కోనసీమ ఇళ్ళలో నేనెన్నడూ చూడలేదు.

మా నాయనమ్మకు భాగవతం చదివి వినిపించేటప్పుడు పుట తిప్పడానికి వేలు నాలుకకు తగిలిస్తే "ఎంగిలి చెయ్యకురా, సరస్వతి" అని చెయ్యి పట్టుకునేది. కాలు తగిలితే కళ్ళకద్దుకోమనేది. పుస్తకాన్ని తుడవమనలేదు, నన్నే దణ్ణం పెట్టమన్నది. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఆ భాగవతం తడిసి ముద్దయింది. నీరు తీశాక ఆవిడ అంటుకుపోయిన పుటలను ఒక్కొక్కటిగా విడదీసి నులకమంచం మీద ఆరబెట్టింది. ఒండ్రు మరక పోలేదు, పారాయణమూ ఆగలేదు. మరక పట్టిన పుటనే ఆవిడ కళ్ళకద్దుకునేది.

తాళపత్రాల చివర లేఖకులు రాసుకున్న శ్లోకం ఒకటి చాలామందికి తెలిసే ఉంటుంది:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి కాపాడమని, మూర్ఖుడి చేతికి ఇవ్వవద్దని పుస్తకమే వేడుకుంటున్నది. మరి నీటి నుంచి కాపాడమన్న దానినే, జీర్ణించి చదవడానికి వీలులేనప్పుడు మనం గోదావరిలో విడుస్తాము. నీరు ఒకటే అయినా ఒకచోట హాని, మరొకచోట మర్యాద.

ఇతర మతాలలోనూ తేడా చేతలో కంటె చేసేవాడి మనసులోనే కనిపిస్తున్నది. సిక్కులు గురు గ్రంథ్ సాహిబ్‌ను సజీవ గురువుగా కొలుస్తారు. దానికి ఎవరైనా నిప్పు పెడితే అది ఘోరమైన "బేఅదబీ", కాని జీర్ణమైన ప్రతులను పంజాబులోని గోయింద్‌వాల్‌లో వారే గౌరవంగా అగ్నికి అర్పిస్తారు. బేఅదబీ అన్నా అదబు లేకపోవడమే, అంటే నడవడి మాటే. పాడైన ఖురాన్ పుటలను ముస్లింలు శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాలు పడని చోట పూడ్చిపెడతారు. దేవుని నామం రాసిన కాగితాన్ని యూదులు పారవేయరు. అలా కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరంలో శతాబ్దాలుగా పోగుపడిన పత్రాలనే 1896-97లో యూదు పండితుడు సాలమన్ షెక్టర్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చేర్చాడు. తోలు మీద రాసిన తోరా (యూదుల ధర్మగ్రంథం) చుట్టతో పాటు రోమన్లు సజీవంగా దహించిన మతగురువు రబ్బీ హనీనా "తోలు కాలుతున్నది, అక్షరాలు ఎగిరిపోతున్నాయి" అన్నాడని యూదుల ధర్మచర్చల సంకలనమైన తాల్మూద్ చెబుతున్నది. "న క్షరతి", అంటే నశించనిది, అని అక్షరానికి వ్యుత్పత్తి చెప్పుకునే మనకు ఆ మాట పరాయిదిగా తోచదు. ఆ అక్షరాలను అపవిత్రం చేయగల చెయ్యి ఎవరిది?

చట్టం కూడా ఉద్దేశాన్నే చూస్తున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 295వ సెక్షన్ స్థానంలో 2024లో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 298వ సెక్షన్, పవిత్రంగా భావించే వస్తువుకు హాని చేయడాన్ని, ఒక వర్గం మతాన్ని అవమానించే ఉద్దేశంతోనో, వారు దానిని అవమానంగా భావిస్తారని తెలిసో చేసినప్పుడే నేరమంటున్నది.

కనుక వార్తలో "గ్రంథాన్ని చింపి అపచారం చేశాడు" అని రాస్తే చాలునని నా మనవి. అది ఏ మతం గ్రంథమైనా ఆ మాట సరిపోతుంది.

క్రియాపదం విషయం కూడా చెప్పాలి. పాతబడిన పుస్తకాన్ని మావైపు ఎవరూ గోదావరిలో "పారేశాము" అనరు. నాయనమ్మ పోయిన ఏడాదికి ఆ భాగవతం పుటలు ముట్టుకుంటేనే పొడి రాలుతుంటే, మా నాన్నగారు వాటిని పసుపుగుడ్డలో కట్టి రేవుకు తీసుకువెళ్ళారు. ఇంటికి వచ్చి, అంతకుముందు ఆవిడ అస్థికల గురించి చెప్పిన మాటే చెప్పారు: "గోదావరిలో కలిపి వచ్చాను."