గార్డు తాత నడిచిన చెరువుకట్ట మీద జియోక్యాష్: పెట్టె ఎక్కడ దాచాలి?

ప్రశ్న – కట్టకింది ఇల్లు:

అందరికీ నమస్కారం. మా పక్కింట్లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్న పెద్దాయన కాజీపేట జంక్షన్ నుంచి గూడ్సు రైళ్లకు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రైల్వే 2022లో ఆ ఉద్యోగం పేరును ట్రైన్ మేనేజర్‌గా మార్చినా మా వాడకట్టుకు ఆయన గార్డు తాతే. రోజూ తెల్లవారుజామున వడ్డేపల్లి చెరువుకట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో, దారిలో ఎవరెవరు ఎదురయ్యారో ఒక చిన్న నోటుబుక్కులో టైముతో సహా రాసుకునేవారు. తర్వాత కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్లి, నిరుడు అక్కడే కాలం చేశారు.

ఆయన జ్ఞాపకంగా కట్ట దగ్గర ఒక జియోక్యాష్ పెట్టాలనుకుంటున్నాను. ఈ ఆట తెలియని వారికి ఒక మాట: ఒక డబ్బాను దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలను వెబ్‌సైటులో పెడితే, ఎవరైనా జీపీఎస్ సాయంతో వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్తారు. గార్డులు డ్యూటీ సామాన్లు పెట్టుకుని వెంట తీసుకెళ్తూ వచ్చిన ఇనుప లైన్ బాక్సు లాంటిదే చిన్నది చేయించి, నల్లరంగు వేసి, కట్టకు పేర్చిన రాళ్ల మధ్య పెడదామని ఉంది. ఇది సరైన ఆలోచనేనా? వానాకాలంలో పుస్తకం తడవకుండా ఏం చేయాలి?

జవాబు – మత్తడి:

ఈ ఆట గురించి నాకు మీ పోస్టుతోనే తెలిసింది కానీ, చెరువు పనుల్లో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెబుతాను. దయచేసి కట్ట రాళ్ల జోలికి వెళ్లకండి. నీటివైపు పేర్చిన ఆ రాళ్లు అలల దెబ్బకు మట్టి కోసుకుపోకుండా కాపాడతాయి. మీరు జాగ్రత్తగా ఒక్క రాయి కిందే పెట్టినా, వెతికేవారికి అది ఏ రాయో తెలియదు కాబట్టి పదిమంది వచ్చి యాభై రాళ్లు కదిలిస్తారు, కదిలిన రాయిని మళ్లీ అలాగే కూర్చోబెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. మట్టికట్టకు ఎలుక బొరియ కూడా చిన్న సంగతి కాదు, నీరు దాని వెంటే దారి చేసుకుంటుంది. తూము దగ్గరా, మత్తడి దగ్గరా కూడా వద్దు.

జవాబు – పాత వేటగాడు:

పైన మత్తడి గారు చెప్పింది ఆట నియమాలకూ సరిపోతుంది. డబ్బాను నేలలో పాతిపెట్టకూడదనీ, స్థలం ఎవరి అధీనంలో ఉందో వారి అనుమతి తీసుకోవాలనీ నియమాలే చెబుతున్నాయి. అనుమతిని కాగితం మీదే తీసుకోండి, ఎందుకంటే అది వరంగల్ నగరానికి తాగునీరు ఇచ్చే చెరువు.

ఇనుప పెట్టె ఆలోచన ఎంత ముచ్చటగా ఉన్నా మానుకోవడమే మంచిది. ఒక వానాకాలానికే తుప్పు పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, జనం నడిచే చోట దాచిన నల్ల ఇనుప పెట్టెను చూసి ఎవరైనా పోలీసులకు ఫోన్ చేస్తారు. అసలు లైన్ బాక్సులో జెండాలతో పాటు, వచ్చే రైలును హెచ్చరించడానికి పట్టాల మీద పేల్చే డిటోనేటర్లు కూడా ఉండేవని మీరు వివరించబోతే పని ఇంకా చెడుతుంది! లోపలిది బయటికి కనిపించేలా, రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మీద పెద్ద అక్షరాలతో ‘జియోక్యాష్’ అని రాయండి. పుస్తకాన్ని జిప్ కవర్‌లో పెట్టి, పెన్ను బదులు పెన్సిలు ఉంచండి, చెమ్మకు సిరా అలుక్కుపోతుంది. తినే వస్తువు ఏదీ పెట్టవద్దు, కోతులు మూత తీయడం మనకంటే బాగా నేర్చుకుంటాయి.

నా సలహా ఏమిటంటే, దీన్ని మల్టీ క్యాష్‌గా, అంటే ఒక్కో మజిలీ దాటుకుంటూ చివరికి డబ్బా దొరికేలా చేయండి. మొదటి మజిలీల్లో డబ్బాలు అక్కర్లేదు. కట్ట మొదట్లో ఒక బోర్డు మీది అంకె, మధ్యలో బెంచీల లెక్క, ఇలా తాత ఆగే చోట్ల దొరికే అంకెలతో చివరి చోటు తెలిసేలా పెట్టండి. అప్పుడు వెతికేవారు ఆయన నడిచినంత దూరమూ నడవాల్సిందే. డబ్బా మాత్రం కట్ట దిగాక ఎవరైనా ఒప్పుకునే ప్రహరీ గోడ దగ్గర ఉండాలి, మరో క్యాష్ డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం తప్పదు. ఫోను జీపీఎస్ బయలు ప్రదేశంలో కూడా ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి, రెండు మూడు రోజులు వేర్వేరు వేళల్లో కొలిచి సగటు తీయండి.

జవాబు – పొద్దుటి నడక:

నేను రోజూ అక్కడ నడిచే ఆడమనిషిని. చీకటితో నడిచేటప్పుడు ఎవరో పొదల్లో వంగి వెతుకుతుంటే మాకు భయమేస్తుంది, పాముల సంగతి సరే సరి. తెల్లారాకే వెతకాలని పేజీలో రాయండి. అలాగే తాత పేరు పెట్టేముందు వాళ్ల ఇంట్లో వాళ్లను అడగండి.

కట్టకింది ఇల్లు:

మీ అందరికీ కృతజ్ఞతలు. తాత కొడుకుతో నిన్న మాట్లాడాను. అసలు పేరు వద్దనీ, ‘గార్డు తాత’ అని పెడితే సంతోషమనీ చెప్పారు. ఇనుప పెట్టె మానేశాను. డబ్బా మా ప్రహరీకే బిగిస్తాను, తాత ఇంటివైపు గోడకు. రోజూ చూసుకోవడం కూడా నాకు సులువు. లోపల పెన్సిలుతో పాటు ఒక చిన్న పచ్చజెండా పెడతాను. పుస్తకంలో పేరు, తేదీ మాత్రమే కాకుండా, కట్ట ఎక్కిన టైమూ, దిగిన టైమూ, చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రాయడానికి గళ్లు గీస్తున్నాను. మొదటి వరుస నేనే నింపుతాను.